నిశ్శబ్దంగారి ఎనిమిది హెడ్‌ఫోన్లు

మా బావని వీధిలో అందరూ నిశ్శబ్దంగారు అంటారు. ఆ పేరు పెట్టినవాళ్లెవరో గాని, ఆయన పక్కన పది నిమిషాలు కూర్చుని ఉండరు. పొద్దున షట్టరు ఎత్తింది మొదలు సాయంత్రం దించేదాకా ఆ నోటికి విశ్రాంతి లేదు. సోల్డరింగు చేస్తూ మాట్లాడతాడు, కిందపడ్డ స్క్రూ వెతుక్కుంటూ మాట్లాడతాడు, వినేవాళ్లెవరూ లేకపోతే విప్పి పెట్టిన ఆంప్లిఫయరుతో మాట్లాడతాడు. పేరు మాత్రం ఆయన చేసే పని వల్ల వచ్చింది. హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే పాట వెనకాల, మాట వెనకాల గుయ్యిమని ఒక మోత వినిపిస్తూ ఉంటుంది చూశారూ, దాన్ని పోగొట్టడంలో ఆయన్ని మించినవాడు మా చుట్టుపక్కల లేడు.

నేను ఆయన భార్యకి చెల్లెల్ని. పదహారేళ్లుగా ఆ షాపులోనే, ఆయన బల్లకి ఎదురుబల్ల మీద వైర్లు అతుకుతున్నాను. నాకు ముక్కు మీద కోపమని అక్క అంటుంది. ఆవిడకేం, ఇంట్లో ఆయన కాసేపైనా నిద్రపోతాడు. షాపులో అది కూడా లేదు.

పెళ్లికి ముందు బావ ఒక సినిమా హాల్లో జనరేటరు చూసుకునేవాడు. హాలు వెనకాల రేకుల గది, అందులో జనరేటరు, దాని పక్కన ఒక స్టూలు, ఆ స్టూలు మీద ఈయన. కరెంటు పోయినప్పుడల్లా దాన్ని నడపాలి. ఆ రోజుల్లో కరెంటు ఉన్నప్పటికంటే లేనప్పుడే ఎక్కువ. ఆరేళ్లు అలా కూర్చునేసరికి ఆ మోత ఆయన చెవుల్లో కాపురం పెట్టింది. ఇంటికొచ్చి అన్నం తింటున్నా, పడుకున్నా గుయ్యిమంటూనే ఉండేదట. చివరికి ఆ ఉద్యోగం మానేసి ఒక ముసలి రేడియో మెకానిక్ దగ్గర చేరాడు. మోత మీద పగబట్టి పని నేర్చుకున్నాడు. చెవుల్లో కాపురం ఖాళీ కావడానికి రెండేళ్లు పట్టింది గాని, పగ అలాగే ఉండిపోయింది.

ఆయన మోతని పట్టుకునేటప్పుడు చూడాలి. పాటేమీ పెట్టడు. కళ్లు మూసుకుని ఖాళీ హెడ్‌ఫోన్లు వింటూ, ఒక పుల్లతో డబ్బా లోపలి వైర్లని అటూ ఇటూ జరుపుతాడు. “ఇది ట్రాన్స్‌ఫార్మరుకి ఆనుకుని వైరు వెళ్తున్న మోత,” అంటాడు. “ఇది కెపాసిటరు ముసలిదైన మోత. ఇదేమో ఎర్త్ వైరు రెండుచోట్ల కలిపిన మోత, ఎవడో అతితెలివిగాడు కలిపాడు.” నాకు మూడూ ఒక్కలాగే గుయ్యిమంటాయి. ఆయన చెప్పిన చోట విప్పితే మాత్రం తప్పు అక్కడే ఉంటుంది. ఒళ్లు మండుతుంది గాని ఒప్పుకోక తప్పదు.

అలాంటి మనిషికి ఒక ఆరేళ్ల పిల్ల మూడు చెరువుల నీళ్లు తాగించింది.

మా షాపుకి రెండు వీధుల అవతల, వినికిడి తక్కువగా ఉన్న పిల్లల బడి ఉంది. అక్కడ ఒక గదిలో గుర్రపునాడా ఆకారంలో పొట్టి బల్ల, దాని చుట్టూ ఎనిమిది పొట్టి కుర్చీలు, ఎనిమిది జతల హెడ్‌ఫోన్లు. ముందు టీచరమ్మ మైకు. టీచరమ్మ మైకులో మాట్లాడితే మా బావ తయారుచేసిన డబ్బా ఆ మాటని బాగా పెద్దది చేసి ఎనిమిది జతల చెవులకీ పంపుతుంది. ఆ పిల్లలు బొత్తిగా వినపడనివాళ్లు కారు. తలా కొంచెం వినికిడి ఉంది. ఆ కొంచెంతో మాట పట్టుకోవడం నేర్పే పాఠం అది. డబ్బా ఇచ్చి మూడు నెలలైంది.

ఒక సోమవారం టీచరమ్మ షాపుకొచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

“మాస్టారూ, పిల్లలు హెడ్‌ఫోన్లు పెట్టుకోవడం లేదండీ.”

“పెట్టుకోకపోవడమేంటమ్మా? మొదటి వారం ఎగబడి పెట్టుకున్నారు కదా?”

“మొదట్లో సరదాపడ్డారు. ఇప్పుడు నేను పెట్టడం, వాళ్లు పీకెయ్యడం. ఆ పిడుగైతే మొన్న విసిరి గోడకి కొట్టింది.”

పిడుగు అంటే ఆ ఆరేళ్ల పిల్ల. అసలు పేరు బళ్లో హాజరుపట్టీకి మాత్రమే తెలుసు. మొదటి వారంలో టీచరమ్మ ‘బ’ అనగానే ఠక్కున తలెత్తి చూసిన పిల్ల అదే. పుట్టాక ఒక మాటకి తలెత్తడం అదే మొదటిసారని వాళ్లమ్మ బడి గుమ్మంలో కూర్చుని ఏడ్చిందట.

“నాలుగు వారాల్లో బడి కమిటీవాళ్లు వస్తున్నారు,” అంది టీచరమ్మ. “అప్పటికీ పిల్లలు వాడకపోతే బల్ల తీసేసి గది వేరే క్లాసుకి ఇచ్చేస్తామన్నారు. మిగతావాళ్లు ఎలాగో నెట్టుకొస్తారు, చేతుల భాషలో చక్కగా చదువుకుంటున్నారు. పిడుగుకి మాత్రం వినికిడి అందరికంటే ఎక్కువ మిగిలుంది మాస్టారూ. ఈ వయసులో వాడితేనే అది పనికొస్తుంది. రెండేళ్లు పోయాక నేనెంత అరిచినా లాభం లేదు.”

“ఏం వినిపిస్తోందట వాళ్లకి?”

“చేతుల భాషలో అడిగినా సరిగ్గా చెప్పలేకపోతున్నారండీ. చెవులు మూసుకుని మొహం చిట్లిస్తారు. నేను కూడా పెట్టుకుని చూశాను. కొంచెం గుయ్యిమన్నట్టు అనిపించింది.”

ఆ మాట అనకుండా ఉండాల్సింది. గుయ్యి అన్న మాట వినగానే మా బావ కళ్లు వెలిగాయి. పాత శత్రువు పక్క వీధిలోనే దొరికాడని సంబరం.

మర్నాడు మధ్యాహ్నం, పిల్లలంతా భోజనాలకి వెళ్లినప్పుడు, ఇద్దరం ఆ గదికి వెళ్లాం. బావ స్విచ్చి వేశాడు. కాసేపాగి హెడ్‌ఫోన్లు అందుకుని చెవులకి పెట్టుకున్నాడు. “ఉంది,” అన్నాడు పండగ చేసుకున్నట్టు. నేను విన్నాను. చెప్పుకోదగ్గ మోత కాదు. కానీ ఉంది. మైకు వైరు పైన ట్యూబ్‌లైటు చోక్ పక్కనుంచి పోతోంది. ఈయన డబ్బా షాపుకి తెచ్చుకుని ట్రాన్స్‌ఫార్మరు తీసి వేరే డబ్బాలో, రెండడుగుల దూరంలో పెట్టాడు. మైకు వైరు మార్చాడు. ఎర్త్ వైర్లన్నీ ఒకే బిందువు దగ్గరికి తెచ్చి కలిపాడు. వారం పట్టింది. వాల్యూము చివరికంటా తిప్పినా ఏమీ లేదు. నా గుండె కొట్టుకోవడం నాకే వినిపించింది.

తీసుకెళ్లి బిగించాడు. మర్నాడు టీచరమ్మ ఫోను: మళ్లీ పీకేశారు.

ఇంకోసారి తెచ్చాడు. కెపాసిటర్లన్నీ కొత్తవి వేశాడు. డబ్బాకి లోపల రాగిరేకు తొడిగాడు. మళ్లీ వెళ్లాం, మళ్లీ భోజనాల వేళే. బావ స్విచ్చి వేశాడు, ఆగాడు, పెట్టుకున్నాడు, బొటనవేలు పైకెత్తాడు. మర్నాడు మళ్లీ ఫోను. పిడుగు ఈసారి గదిలోకే రానని గుమ్మం పట్టుకుని వేలాడిందట.

అప్పుడు ఒక వింత జరిగింది. మా బావ మాట్లాడ్డం మానేశాడు. ఒకరోజు చూశాను, రెండోరోజు చూశాను. సోల్డరింగు కడ్డీ చేతిలో పట్టుకుని ఊరికే కూర్చునేవాడు. పదహారేళ్లుగా ఆ నోరు మూతపడితే బాగుండునని కోరుకున్నదాన్ని, తీరా మూతపడితే నాకే ఊపిరాడలేదు. అక్క జ్వరమేమోనని నుదురు పట్టుకుని చూసింది.

“ఒంట్లో బానే ఉంది,” అన్నాడు. “పిల్లలే మొండికేస్తున్నారు. డబ్బాలో ఏ లోపమూ లేదు.”

నాకు తిక్కరేగింది. “ఎనిమిదిమందీ కూడబలుక్కుని మొండికేస్తున్నారా? అంతా పసిపిల్లలు కదా బావా!”

“మరి నన్నేం చెయ్యమంటావే?” అన్నాడు. “నాకు తెలిసిందంతా చేశాను. ఇంకా తొమ్మిది రోజులే ఉంది. ఆ పిల్ల చెవి పాడైపోతే నా డబ్బా వల్లే కదా!”

ఆయన గొంతు అలా విని నా కోపం చల్లారిపోయింది. పాపమనిపించింది. “రేపు పిల్లలున్నప్పుడు వెళ్దాం,” అన్నాను. “ఎప్పుడూ ఖాళీ గది చూసి వచ్చేస్తున్నాం.”

వెళ్లేసరికి పిల్లలు ఇంకా పాఠానికి కూర్చోలేదు. మమ్మల్ని చూడగానే పిడుగు మూలనుంచి లేచింది. రెండు జడలు, ముందు పళ్లు రెండూ లేవు. మిగతా పిల్లల వైపు తిరిగి, ఒక సుద్దముక్క తీసి చెవి మీద పెట్టుకుంది, మా బావ పెన్సిలు పెట్టుకున్నట్టు. పొట్ట ముందుకు తోసింది. నోరు టపటపా ఆడించడం మొదలుపెట్టింది. శబ్దం లేదు, ఆపడం కూడా లేదు. పిల్లలు పడీపడీ నవ్వుతున్నారు. నేను కూడా ఆపుకోలేకపోయాను.

“బావా, నిన్నే!”

“తెలుస్తూనే ఉందిలే,” అన్నాడు మూతి ముడుచుకుని.

తర్వాత పిడుగు నడుచుకుంటూ డబ్బా దగ్గరికి వెళ్లి, గాల్లోనే స్విచ్చి వేసినట్టు చేసింది. నడుం మీద చేతులు పెట్టుకుని, కప్పు వంక చూస్తూ ఆగింది. ఆ తర్వాత హెడ్‌ఫోన్లు ఎత్తి పెట్టుకున్నట్టు చేసి, కళ్లు మూసుకుని, తల ఊపి, బొటనవేలు పైకెత్తింది. ఎప్పుడు చూసిందో కిటికీలోంచి! ఒక్క పిసరు తేడా లేదు.

అంతటితో ఆగలేదు. సుద్దముక్క పారేసి, చీరకొంగు దోపుకున్నట్టు చేసి టీచరమ్మ అయిపోయింది. ఒక్కో కుర్చీ దగ్గరికీ వెళ్లి, జుట్టు వెనక్కి సర్ది, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టినట్టు చేసింది. ఎనిమిది కుర్చీలూ అయ్యాక ముందుకెళ్లి స్విచ్చి వేసింది. వెంటనే పరిగెత్తుకొచ్చి తన కుర్చీలో కూర్చుని, ఎవరో చెంప మీద కొట్టినట్టు ఎగిరి, చెవులు రెండూ మూసుకుని కిందపడింది.

ఈసారి పిల్లలెవరూ నవ్వలేదు. ఇద్దరు చెవులు తడుముకున్నారు.

“బావా, వరస చూశావా?” అన్నాను.

“ఏం వరస?”

“నువ్వు ముందు స్విచ్చి వేసి, ఆగి, అప్పుడు పెట్టుకుంటావు. టీచర్‌గారు ముందు పెట్టి, అప్పుడు స్విచ్చి వేస్తారు.”

టీచరమ్మ కంగారుపడింది. “అవునండీ. స్విచ్చి వేసి ఉండగా హెడ్‌ఫోన్లు మైకు ముందునుంచి తీసుకెళ్తే కీచుమని గోల పెడుతుంది. అందుకని మొదట్నుంచీ ముందే పెట్టేస్తాను. తప్పా?”

తప్పు ఆవిడది కాదు. మా పనిలో ఉన్నవాళ్లెవరూ చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని స్విచ్చి వెయ్యరు. విప్పిన డబ్బా ఏం చేస్తుందో తెలియదు కాబట్టి, అది కుదురుకున్నాకే చెవి దగ్గరికి తెస్తాం. నేను షాపులో చేరిన మొదటిరోజు బావ నాకు నేర్పిన మొదటి పాఠం అది. మా చెవులు కాపాడుకోవడానికి నేర్చుకున్న జాగ్రత్త వల్ల, పిల్లల చెవుల్లో రోజూ ఏం పడుతోందో మా ఇద్దరికీ తెలియకుండా పోయింది.

బావ వెళ్లి పిడుగు కుర్చీలో కూర్చున్నాడు. మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి. హెడ్‌ఫోన్లు పెట్టుకుని నా వైపు చూసి, “వెయ్యవే,” అన్నాడు.

వేశాను. ఠప్పుమంది. నిలబడ్డచోటికి నాకు స్విచ్చి చప్పుడులా లీలగా వినపడింది. బావ కుర్చీతో సహా ఎగిరాడు, మోకాలు బల్లకి కొట్టుకుంది. హెడ్‌ఫోన్లు పీకి కింద పడేశాడు, ఇన్నాళ్లూ పిల్లలు చేసినట్టే.

“నాకే ఇలా ఉంటే వీళ్లకెలా ఉండాలి?” అన్నాడు.

“వీళ్లకి ఇంకా ఎక్కువండీ,” అంది టీచరమ్మ నెమ్మదిగా. “చిన్న శబ్దాలు అందవు గాని, పెద్ద శబ్దం మాత్రం మనకంటే గట్టిగా తగులుతుంది ఈ పిల్లలకి.”

పిడుగు వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది. వేలితో ఆయన్ని చూపించి, తర్వాత తనని చూపించుకుంది. ఇప్పుడు తెలిసిందా అన్నట్టు. నాకు నిజంగా సిగ్గేసింది. మూడు వారాలుగా ఆ పిల్ల చెబుతూనే ఉంది. మేము మోత వెతుక్కుంటూ తిరిగాం.

షాపుకి వచ్చాక రోగం అర్థం కావడానికి అరగంట కూడా పట్టలేదు. చాలాసేపు నీళ్లు రాని కుళాయి తిప్పగానే గాలితో సహా ఒక్కసారి తన్నుకొస్తాయి కదా, అలాగే స్విచ్చి వెయ్యగానే మొదటి కరెంటు ఒక్క తోపుగా వచ్చి హెడ్‌ఫోన్లలోంచి పోతోంది. ఆ తోపే ఠప్పు. బావ డబ్బాకీ హెడ్‌ఫోన్లకీ మధ్య ఒక రిలే పెట్టాడు. రిలే అంటే అగ్గిపెట్టెలో సగముండే చిన్న స్విచ్చి, దాన్ని చేత్తో కాదు, కరెంటే నొక్కుతుంది. డబ్బా స్విచ్చి వేసిన నాలుగు సెకన్ల దాకా అది హెడ్‌ఫోన్లని కలపదు. ఈలోగా మొదటి తోపు ఒక రెసిస్టరులోంచి ఎర్త్‌లోకి పోతుంది.

అయితే ఈసారి పరీక్ష పద్ధతి మారింది. ముందు చెవికి పెట్టుకోవాలి, ఆ తర్వాతే స్విచ్చి. మొదటి రోజు, వేసేటప్పుడు ఏమీ లేదు గాని తీసేటప్పుడు ఠప్పుమంది. డబ్బా ఆగిపోతుంటే రిలే ఆలస్యంగా వదులుతోంది. బావ చెవి పట్టుకుని కూలబడ్డాడు. రెండోసారి నేను పెట్టుకుంటానన్నాను. వద్దన్నాడు. దెబ్బలాడి పెట్టుకున్నాను. నా చెవులూ గుయ్యిమన్నాయి. సాయంత్రం అక్క వచ్చి, చెవులు పట్టుకుని కూర్చున్న మా ఇద్దర్నీ చూసింది.

“ఇద్దరికీ చెవుడొస్తే ఇంట్లో నేనెవరితో పోట్లాడను?” అంది.

అక్క మాట్లాడేది తక్కువే గాని, ఆ మాటకి బావ మూడు వారాల్లో మొదటిసారి నవ్వాడు. ఆ మర్నాటి నుంచి నోరు మళ్లీ మొదలైంది. నాలుగో రోజుకి, కరెంటు పోవడం తెలియగానే రిలే ముందుగా విడిపోయేలా చేశాడు. వెయ్యడం, తియ్యడం, వందసార్లు చేశాం. చెవులకి ఏమీ తగల్లేదు. రిలే లోపల టిక్కుమనే చిన్న చప్పుడు మాత్రం డబ్బాకి చెవి ఆనిస్తే తెలుస్తుంది.

కథల్లోలా చివరిదాకా దాచిపెట్టడం నాకు చేతకాదు. కమిటీవాళ్లు వచ్చారు, చూశారు, బల్ల ఇప్పటికీ అక్కడే ఉంది. కానీ వాళ్లు రావడానికి మూడు రోజుల ముందు జరిగింది చెప్పాలి.

డబ్బా బిగించాం. టీచరమ్మ ఎనిమిదిమందికీ హెడ్‌ఫోన్లు పెట్టింది. స్విచ్చి వైపు చెయ్యి చాపిందో లేదో, ఎనిమిది జతలూ చెవుల మీదనుంచి దిగిపోయాయి. మేము ఠప్పుని పోగొట్టాం గాని, దాని భయం ఆ పిల్లల్లోనే ఉండిపోయింది. దానికి రిలే ఎక్కడ పెడతాం? చెప్పి నమ్మిద్దామంటే ఆ పిల్లలు మాటల్ని ఎందుకు నమ్మాలి?

బావ వెళ్లి పిడుగు పక్క కుర్చీలో కూర్చున్నాడు. దాని హెడ్‌ఫోన్లు తీసి తన చెవులకి పెట్టుకున్నాడు. వెయ్యమని టీచరమ్మకి సైగ చేశాడు. పిడుగు రెప్ప వెయ్యకుండా ఆయన మొహమే చూస్తోంది. స్విచ్చి పడింది. ఆయన కనుబొమ కూడా కదల్లేదు. పిడుగు నమ్మలేదు. ఇంకోసారి అని వేలు చూపించింది. మళ్లీ వేశారు, మళ్లీ తీశారు. కుర్చీ మీదకెక్కి, ఆయన గడ్డం తనవైపు తిప్పుకుని, చెంప మీద అరచెయ్యి ఆనించి పెట్టుకుంది. ఆయన ఉలికిపడితే చేతికి తెలియాలని. ఇంకోసారి. ఇంకోసారి. తర్వాత తనే దిగి, ఆయన కిటికీ వైపు చూస్తున్నప్పుడు దొంగచాటుగా వెళ్లి స్విచ్చి తీసి, మళ్లీ వేసింది. వెనక్కి వచ్చి మళ్లీ చెంప పట్టుకుని చూసింది. పదకొండుసార్లు లెక్కపెట్టాను. మా బావ అంతసేపూ కదలకుండా కూర్చున్నాడు. కళ్లు మాత్రం చెమ్మగిల్లాయి.

అప్పుడు ఆయన చెవుల మీదనుంచి హెడ్‌ఫోన్లు లాక్కుని తన చెవులకి పెట్టుకుంది. టీచరమ్మ స్విచ్చి తీసి, మళ్లీ వేసింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఏమీ కాలేదు. టీచరమ్మ మైకు దగ్గరికి తీసుకుని, ‘బ’ అంది.

పిడుగు తలెత్తింది. నోరు తెరిచి, ఊడిన పళ్ల సందులోంచి, “బ,” అంది.

టీచరమ్మ మళ్లీ చెప్పబోయింది గాని ఆ పిల్ల చెయ్యెత్తి ఆపింది. కుర్చీల వరసలో చివర, అందరికంటే చిన్న పిల్ల ఒకతి ఉంది. నాలుగేళ్లుంటాయి, ఇన్నాళ్ల ఠప్పులకి ఇప్పుడు హెడ్‌ఫోన్లు చూస్తేనే బెదిరిపోతోంది. పిడుగు హెడ్‌ఫోన్లు తీసి పెట్టి వెళ్లి, దాన్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి, తన ఎదురుగా నిలబెట్టి, హెడ్‌ఫోన్లు మళ్లీ పెట్టుకుంది. దాని అరచెయ్యి తీసుకుని తన చెంప మీద గట్టిగా ఆనించి పట్టుకుంది. స్విచ్చి తీసి మళ్లీ వెయ్యమని టీచరమ్మకి సైగ చేసి, మొహం కదలకుండా నిలబడింది.